హోవర్‌క్రాఫ్ట్ రోబో పోటీకి పనికొస్తుందా? దాని చరిత్ర ఏం చెబుతోంది

పోస్ట్ కాస్త పెద్దది, తీరిగ్గా చదవండి.

మా హాస్టల్ నుంచి అయిదుగురం కలిసి కాలేజీల రోబో పోటీకి పేర్లు ఇచ్చాం. తలా 600 వేసుకున్నాం, స్కాలర్‌షిప్ పడితే ఇంకొంత వేస్తాం. ఏం రోబో చేయాలనే దగ్గరే గొడవ మొదలైంది. శబరి ఒడ్డు తమ్ముడు ఒకడు హోవర్‌క్రాఫ్ట్ చేద్దామన్నాడు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటినప్పుడు శబరి వెనక్కి తన్ని వాళ్ల ఊరు మునిగింది. నీళ్లు తీశాక మిగిలిన బురదలోకి పడవా రాలేదు, ట్రాక్టరూ రాలేదు. బురద మీద జారిపోయే బండిని వాడు ఫోన్లో చూశాడు. "అన్నా, ఇదే చేద్దాం" అన్నాడు. ఊరికే వద్దు అనడానికి నాకు నోరు రాలేదు. అందుకే దీని చరిత్ర పట్టుకుని చదివాను.

దీన్ని కనిపెట్టింది ఇంగ్లండ్‌కి చెందిన క్రిస్టఫర్ కాకరెల్. మార్కోనీ కంపెనీలో ఉద్యోగం మానేసి, పడవలు తయారుచేసే చిన్న వ్యాపారం పెట్టుకున్నాడు. పడవను నీళ్లు పట్టి లాగుతుంటాయి కదా, ఆ పట్టు తగ్గించడం ఎలా అని ఆయన ఆలోచన. 1955లో పిల్లి తిండి డబ్బాను కాఫీ డబ్బాలో పెట్టి, రెంటి మధ్య సందులోంచి గాలి ఊదించి, వంటింటి తూకం మీద కొలిచాడు. మామూలు గొట్టంతో ఊదినప్పటికన్నా అంచు చుట్టూ ఉంగరంలా గాలి వస్తే తోపు బాగా ఎక్కువొచ్చింది. అంచున దిగే గాలి గోడలా నిలబడి లోపలి గాలిని బయటకు పోనివ్వదన్నమాట. నాకు బాగా నచ్చింది ఇదే. ల్యాబ్ లేదు, రెండు ఖాళీ డబ్బాలు, అంతే.

1959 జులై 25న ఆయన డిజైన్‌తో చేసిన ఎస్ఆర్.ఎన్1 ఫ్రాన్స్‌లోని కలే నుంచి ఇంగ్లండ్‌లోని డోవర్‌కి సుమారు రెండు గంటల్లో సముద్రం దాటింది. అందులో ముగ్గురే ఉన్నారు. కాకరెల్ పని ఏంటో తెలుసా? బండి ఒక పక్కకి ఒరగకుండా అటూ ఇటూ జరిగే బరువుగా ఉండటం! కనిపెట్టినాయనే తూకం రాయి. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

మొదట్లో దానికి కింద రబ్బరు ఘాగ్రా లేదు. అడుగు ఎత్తు అల వచ్చినా ఇబ్బందే. తర్వాత సెసిల్ లాటిమర్ నీధమ్ అనే ఇంజనీరు ఆలోచనతో అంచు చుట్టూ ఘాగ్రా వేలాడదీశారు, అప్పటినుంచే అసలు పనికొచ్చింది. 1968 నుంచి 2000 దాకా ఎస్ఆర్.ఎన్4 అనే పెద్ద బండ్లు మనుషుల్నీ కార్లనీ ఎక్కించుకుని ఆ సముద్రం దాటించాయి.

ఇక మా లెక్క. రోబో బరువు 4 కిలోలు, అడుగు భాగం 40 సెంటీమీటర్ల చదరం అనుకోండి. చదరపు సెంటీమీటరుకి రెండున్నర గ్రాములే పడుతుంది. రెండున్నర సెంటీమీటర్ల లోతు నీళ్ల ఒత్తిడి ఎంతో అంతే. చిన్న బ్లోయర్ చాలు. కాబట్టి లేవదని భయపడక్కర్లేదు. నేనూ మొదట లేవదనే అనుకున్నా, తప్పు.

చిక్కు లేచాకే. నేలకు తగలని బండికి బ్రేకు వేయడానికి ఏమీ లేదు. 1985 మార్చి 30న ప్రిన్సెస్ మార్గరెట్ అనే ఎస్ఆర్.ఎన్4 డోవర్ రేవులోకి వస్తుంటే బలమైన గాలి దాన్ని పక్కకు నెట్టి అలలాపే గోడకు కొట్టింది. నలుగురు చనిపోయారు. నాలుగు పెద్ద ఇంజిన్లు, అనుభవమున్న సిబ్బంది ఉన్నా పక్కకు జారడం ఆగలేదు. మా పోటీలో గీత వెంట పోవాలి, చిన్న ఏటవాలు ఎక్కాలి, పెట్టె ఎత్తి గడిలో పెట్టాలి. ఏటవాలు మీద ఇది కిందికి జారుతుంది. పెట్టె ఎత్తగానే ముందుకు ఒరుగుతుంది, వెనక అంచు లేచి గాలి అంతా అటే పోతుంది. కాకరెల్‌లాగా జరిగే మనిషిని రోబోలో ఎక్కించలేం కదా! పైగా ఊరికే నిలబడ్డా బ్లోయర్ తిరుగుతూనే ఉండాలి. చక్రాల బండి ఆగితే బ్యాటరీ మిగులుతుంది.

ఇదంతా రాత్రి మెస్ దగ్గర తమ్ముడికి చెప్పాను. మొత్తం విని, "మరి బురద మీదైతే?" అన్నాడు. బురద మీదైతే నువ్వే గెలుస్తావురా, చక్రం అక్కడ దిగబడుతుంది అన్నాను. కానీ పోటీ జరిగేది ప్లైవుడ్ మీద. చివరికి పోటీకి చక్రాలే ఖాయం చేశాం. వాడు మాత్రం సంక్రాంతి సెలవుల్లో పాత రెయిన్‌కోటు గుడ్డతో ఘాగ్రా కుట్టి, ఊళ్లో పొలం బురద మీద నడిపి చూస్తాడట. మీలో ఎవరి దగ్గరైనా పనిచేసే పాత వాక్యూమ్ క్లీనర్ మోటారు ఉంటే కామెంట్లో చెప్పండి. వచ్చి తీసుకుపోతాం.