మిడతను చెవితో పోల్చుకున్న వైనం

ఆల్ప్స్ కొండల పచ్చికలో తీసిన గోధుమరంగు మిడత ఫోటో చేతికొస్తే, వెంటనే దాని జాతి పేరు చెప్పేయాలనిపిస్తుంది. ఈ తొందర ఫోటోలతో మొదలైంది కాదు. కోర్తిప్పస్ బిగుట్టులస్ అనే మిడతకు 1758లో లిన్నేయస్ పేరు పెట్టాడు. దాన్ని అచ్చుగుద్దినట్టుండే బ్రున్నియస్‌ను 1815లో థున్‌బెర్గ్, మోలిస్‌ను 1825లో షార్పెంటియర్ వర్ణించారు. ఆ కాలంలో పురుగుల శాస్త్రమంతా సూదికి గుచ్చి ఎండబెట్టిన నమూనాల మీదే నడిచింది. ఎండిన మిడత రంగు మారుతుంది, దాని పాట పోతుంది. బతికున్నప్పుడు కూడా రంగును నమ్మలేం. ఒకే జాతిలో ఆకుపచ్చవీ ఉంటాయి, మట్టిరంగువీ ఉంటాయి. ఫోటో రంగును కాపాడింది గానీ, సూదికి గుచ్చిన నమూనాలోని మౌనాన్ని అలాగే మోసుకొచ్చింది. ఈ మూడింటి విషయంలో ఆ మౌనమే అసలు లోటని నా వాదన.

మగ మిడత వెనుక తొడ లోపలి వైపు, కంటికి ఆనని బొడిపెలు వరుసగా ఉంటాయి. తొడను పైకీ కిందికీ ఆడిస్తూ ఆ వరుసను ముందు రెక్క మీది గట్టి ఈనెకు రాస్తే పాట పుడుతుంది. బ్రున్నియస్ పొట్టిగా ఒక్క కిర్రు వినిపించి ఆగుతుంది. పక్కనున్న మగది దానికి జవాబిస్తుంది. బిగుట్టులస్ రెండు మూడు సెకన్ల పాటు లోహపు మోతలా పెంచుకుంటూ పోతుంది. మోలిస్ టిక్కు టిక్కుమంటూ మెల్లగా మొదలుపెట్టి చాలాసేపు సాగదీస్తుంది. 1920ల చివర్లో జర్మనీలో ఆల్బ్రెక్ట్ ఫాబర్ ఈ పాటలను శ్రద్ధగా విని వర్ణించాడు. పెర్డెక్ అనే పరిశోధకుడు 1958లో ఇంకో అడుగు ముందుకేశాడు. బ్రున్నియస్‌నూ బిగుట్టులస్‌నూ ప్రయోగశాలలో కలిపితే పిల్లలు పుడతాయి. బయట మాత్రం అలాంటి సంకరం అరుదు. ఆడది తన జాతి పాటకే బదులిస్తుంది కనుక, ఆ రెంటి మధ్య గోడ పాటేనని ఆయన తేల్చాడు. మిడతలు తమను తాము పోల్చుకునే గుర్తును వదిలేసి మనం రంగును పట్టుకు కూర్చోవడం న్యాయం కాదు.

ఫోటోలను మరీ తక్కువ చేస్తున్నారని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో నిజముంది. కొండల మీది పొట్టిరెక్కల మిడతల్లో పోడిస్మా పెడెస్ట్రిస్ పిక్క నీలం, మెలనోప్లస్ ఫ్రిజిడస్ పిక్క ఎరుపు. కాలు స్పష్టంగా పడితే ఒక్క ఫోటో చాలు. ముందు రెక్క అంచు విశాలంగా కనిపిస్తే మగ బిగుట్టులస్‌ను కూడా చాలావరకు పట్టుకోవచ్చు. అందుకే పక్క నుంచీ పై నుంచీ తీసిన ఫోటోలు, చోటు, ఎత్తు, తేదీ అన్నీ విలువైనవే. ఆడ మిడత మసక ఫోటోకు మాత్రం మూడు పేర్లలో ఒకటి అంటించడం కంటే, ఫలానా గుంపుది అని రాసి ఆగడమే నిజాయితీ. పేరు తప్పయితే, ఏ జాతి ఎక్కడుందో చూపే పటం మీద దాని చుక్క కూడా తప్పే. జాతి పేరు సరిగ్గా తేలినా ఫోటో చెప్పలేనివి ఉంటాయి. పోడిస్మా సంగతే చూడండి. ఫ్రాన్సు దక్షిణ ఆల్ప్స్‌లో దానిలో రెండు తెగలున్నాయని గాడ్‌ఫ్రీ హ్యూయిట్, ఆయన సహచరులు 1970లలో క్రోమోజోములు చూసి కనుగొన్నారు. ఒక తెగ మగవాటిలో ఎక్స్ క్రోమోజోము ఒంటరిది, రెండో తెగలో అది ఇంకో క్రోమోజోముతో అతుక్కుపోయి ఉంటుంది. రెండూ కలిసే చోటు కొన్ని వందల మీటర్ల వెడల్పే. అక్కడ పుట్టే సంకర సంతతిలో బతికి బట్టకట్టేవి తక్కువ. ఆ గీతకు అటొక మిడతనూ ఇటొక మిడతనూ తెచ్చి ఒకే రాతి మీద పెట్టి ఫోటో తీసినా, ఏది ఏ వైపుదో ఆ బొమ్మ చెప్పలేదు.