నీలగిరి పచ్చిక బయళ్ళు

జలుబు చేసినప్పుడు చేతిరుమాలుపై రెండు చుక్కల నీలగిరి తైలము వేసికొని వాసన చూడనివారు తెలుగునాట అరుదు. మన మెట్టభూములలో నిటారుగా పెరిగే ఆ చెట్టును కూడ నీలగిరి అనియే పిలుస్తున్నాము. ఇంతకంటె విపరీతమైన నామకరణము మరియొకటి ఉండబోదు. ఆ చెట్టు నీలగిరులది కాదు. 1840 దశకములో ఆస్ట్రేలియా ఖండమునుండి వచ్చి ఆ కొండలకెక్కినది. నీలగిరుల స్వంత సంపద చెట్టుకంటె ముందు గడ్డి. ఆ గడ్డికి పట్టిన గతిని గూర్చియే ఇక్కడ ముచ్చటించదలచినాము.

ఉదకమండలమును చూచి వచ్చి, నీలగిరులను చూచినామని చెప్పుకొనేవారు పెక్కుమంది. సరస్సు, పూలతోట, పొగబండి, ఇంతటితో వారి యాత్ర ముగుస్తుంది. మేము ఆ సందడిని విడిచి పడమటగా, అవలాంచి మీదుగా ఎగువ భవాని వైపునకు పోయినాము. అటవీశాఖవారి అనుమతి లేనిదే అడుగిడరాని ప్రదేశమది. సముద్రమట్టమునకు రెండువేల మీటర్లకు పైబడిన ఆ పీఠభూమిపై కొండలు కొండలవలె ఉండవు. బోర్లించిన కుండలవలె గుండ్రముగా, ఒకదాని వెనుక నొకటి, కనుచూపు మేర గడ్డి కప్పుకొని ఉంటవి. రెండు గుట్టలు కలిసే మడతలో మాత్రము నల్లగా ఒక చిట్టడవి. దానిని అచ్చటివారు చోల అంటారు. చెట్లు పొట్టివి, కొమ్మల నిండ నాచు. గడ్డికీ అడవికీ నడుమ గీత గీచినట్లుండును. ఒక్క అడుగు వేసితిమా, ఎండలోనుండి చీకటిలోనికి పోతిమన్నమాట. చెవి పెట్టి వింటే లోపలెక్కడో నీరు పారుతున్న చప్పుడు.

ఈ గీత ఎవరు గీచినారు? శీతకాలపు రాత్రులలో బయలున మంచు గడ్డకట్టి, చోల వెలుపల మొలచిన లేతమొక్కలను మాడ్చివేస్తుంది. గడ్డి మాత్రము తట్టుకొంటుంది. పూర్వము కొందరు పండితులు, మనుష్యులు అడవిని నరికి తగులబెట్టినందుననే ఈ బయళ్ళు ఏర్పడినవని తలచినారు. కాని ఈ లోయలలో, కుళ్ళీ కుళ్ళని గడ్డి పొరలు పొరలుగా పేరుకొన్న నల్లని చిత్తడి నేలలున్నవి. ఆ పొరలను పరీక్షించి సుకుమార్ ప్రభృతులు 1993లో ప్రకటించిన ఫలితములను బట్టి, ఇరువదివేల ఏండ్లకు పూర్వమే ఇచ్చట గడ్డి ఉన్నది. ఇనుప గొడ్డలి పుట్టుకకు ముందటి మాట అది.

మనుష్యులును కొత్తవారు కారు. హోయసల విష్ణువర్ధనుని దండనాయకుడైన పుణిసుడు తోడాలను భయపెట్టినాడనీ, నీలాద్రిని గైకొన్నాడనీ 1117 నాటి శాసనము చాటుతున్నది. 1603లో ఫెనీషియో అను ఏసుసంఘ మతాచార్యుడు మలబారు నుండి కొండలెక్కినాడు. అచ్చట క్రైస్తవులెవరో మరుగున పడియున్నారని విని వెదకుటకు పోగా, ఆయనకు కనబడినవారు ఎనుములను కాచుకొనే తోడాలు. తరువాత రెండు శతాబ్దులు తెల్లవారి దృష్టి అటు మరలలేదు. టిప్పు మరణముతో 1799లో ఈ సీమ కుంఫిణీవారి వశమైనది. 1812లో కీస్ అను సర్వే ఉద్యోగి ఎక్కి వచ్చి నివేదిక వ్రాసినాడు. 1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ వచ్చినాడు. చల్లదనమునకు మురిసి ఇల్లు కట్టినాడు, చెరువు త్రవ్వించినాడు, ఉర్లగడ్డ నాటించినాడు. అయినను ఆయనను మెచ్చుకొనవలసిన ముచ్చట ఒకటి ఉన్నది. ఈ నేలకు యజమానులు తోడాలే యని ఆయన వాదించినాడు. పైవారు ఒప్పలేదు. మేపుకొనే హక్కు తప్ప భూమిపై వారికి స్వామ్యము లేదని తేల్చినారు.

ఊరి పేరే ఈ తగవులో సాక్ష్యము చెప్పగలదు. ఇంగ్లీషువారు ఊటకమండ్ అన్నారు. దానిని మనము ఉదకమండలమని సంస్కృతీకరించి సంతోషించినాము. ఆ చివరి 'మండ్' తోడాల పల్లెకు పేరు. మన 'మంద' అను మాటకు తోబుట్టువు. తోడా భాషయు ద్రావిడ కుటుంబములోనిదే గదా! 1930 దశకములో ఎమెనో పండితుడు వారి నడుమ ఉండి ఆ భాషను శ్రద్ధగా పరిశీలించినాడు. పల్లె అన్నను మంద అన్నను వారికి ఒక్కటే. ఎనుముల పాలు తోడుపెట్టే పాలయిల్లే వారికి దేవాలయము. ఆ పాలు పితికేవాడే పూజారి. వెన్న, నెయ్యి ఇచ్చి బడగల వద్ద ధాన్యము, కోటల వద్ద కుండలు, ఇనుప పనిముట్లు తీసుకొనేవారు. ఇంతటి సంసారము నడిపిన గడ్డి దొరతనమువారి లెక్కలలో బంజరు అయినది.

బంజరును ఊరకుంచుట పాలకులకు గిట్టదు. పట్టణము పెరిగినకొలది వంటచెరకునకై చోలలను నరికినారు. ఆ కొరత తీర్చుటకు విదేశీ తుమ్మలను, యూకలిప్టసును నాటించినారు. తెల్లవారు పోయిన తరువాతనైనను ఈ పని ఆగలేదు, హెచ్చినది. తోళ్ళు పదునుపెట్టుటకు తుమ్మబెరడు కావలెను, కృత్రిమపట్టు మిల్లునకు యూకలిప్టసు కావలెను. ప్రణాళికల దినములలో అది దేశసేవ అనిపించుకొన్నది. నాటినవారిని నేడు తప్పుపట్టుట సులభమే. చెట్టు నాటుట పుణ్యమని నమ్మిన జాతికి, ఒకచోట చెట్టు కూడ ఆక్రమణదారు కాగలదన్న సంగతి తట్టుట కష్టము.

ఉపగ్రహ చిత్రముల సహాయముతో జరిగిన ఒక పరిశోధన ప్రకారము, పశ్చిమ కనుమల ఎత్తు ప్రదేశములలోని పచ్చికలో దాదాపు నాలుగవ వంతు నాలుగు దశాబ్దులలోనే మాయమైనది. చోలలు చాలవరకు నిలిచినవి, పోయినది గడ్డియే. వరయాడు అనే కొండమేకకు ఆ గడ్డియే ఆధారము. దాని రక్షణకై ఏర్పడిన ముకుర్తి అభయారణ్యము 1990లో జాతీయోద్యానమైనది. తుమ్మలను పెరికి మరల గడ్డి పెంచే ప్రయత్నములు కొన్ని తావుల జరుగుతున్నవి. అయితే తుమ్మ విత్తనము భూమిలో దశాబ్దుల తరబడి నిద్రించి, నేల కదలినప్పుడెల్ల మొలకెత్తుతుంది. పెరికినచోటనే మరల పెరుకవలెను.

తోడాల పాలయిళ్ళకు కప్పు వేయుటకు ఏ గడ్డి పడితే ఆ గడ్డి పనికిరాదు. చిత్తడి నేలలో మొలిచే ఒక జాతి గడ్డియే కావలెను. కాలువలు త్రవ్వి చిత్తడులను ఎండగట్టినచోట, చెట్లు నాటినచోట అది బ్రతుకదు. కప్పు పాతబడి మార్చవలసిన యేడు, ఆ గడ్డి కోసము తోడా పురుషులు మునుపటికంటె దూరపు లోయలకు పోయి, కోసి, మోపులు కట్టుకొని వస్తున్నారు.