రక్తసంధాన చరిత్రము

దెబ్బ తగిలినచోట నెత్తురు కొంతసేపు కారి, పిమ్మట పేరుకొని నిలిచిపోవుట ఆబాలగోపాలము ఎఱిగినదే. అందఱెఱిగిన సంగతి యగుటచేతనే కాబోలు, దానినిగూర్చి ప్రశ్నించువారరుదు. పేరుకొనిన నెత్తురు మఱల కరగి ఏల పాఱదు? గడ్డకట్టుట వేఱు, కట్టిన గడ్డ నిలుచుట వేఱు. ఈ భేదము తెలియుటకు విజ్ఞులకు దాదాపు మూడువందల యేండ్లు పట్టినది. ఆ చరిత్రమును నేడు మీకు విన్నవింతును.

నెత్తురు నిలుపుటకు సుశ్రుతుడు నాలుగుపాయములు చెప్పినాడు: సంధానము, స్కందనము, పాచనము, దహనము. అందు చలువచే నెత్తురును పేరుకొనజేయుట స్కందనము. వగరు ద్రవ్యములచే వ్రణమును కూర్చుట సంధానము. ఈ రెండు మాటలను నేనిక్కడ ఎరువు తెచ్చుకొనుచున్నాను. అంతేకాని, రాబోవు సంగతులన్నియు మన పూర్వులెఱిగినవే యని చెప్పబోను. వారు చెప్పనిదానిని వారికంటగట్టుట వారికి గౌరవము కాదు.

1666లో ఇటలీ దేశపు వైద్యుడు మాల్పీఘీ నెత్తుటిగడ్డను నీటిలో కడిగి, సూక్ష్మదర్శినితో చూచెను. ఎఱ్ఱదనము పోగా తెల్లని పోగుల వల మిగిలెను. ఆ పోగులకే తరువాతివారు ఫైబ్రిను అని పేరిడిరి. అవి నెత్తుటిలో ముందే యున్నవా, అప్పుడు పుట్టినవా? స్కాట్లండులో గ్లాస్గో నగరమున ఆండ్రూ బుకానన్ అను పండితుడు 1845 ప్రాంతమున ఒక చిత్రమైన పరీక్ష చేసెను. వరిబీజమునుండి తీసిన నీరు తనంతట తాను పేరుకొనదు. కడిగిన నెత్తుటిగడ్డ ముక్కను అందు వేయగా పేరుకొనెను. పాలలో తోడు వేసినట్లు! ఆ తోడువంటి పదార్థమునకు డోర్పాట్ పట్టణమున అలెగ్జాండర్ ష్మిట్ త్రాంబిను అని పేరు పెట్టెను. అది యొక ఎంజైము. అనగా తాను తఱగక ఇతర పదార్థములను మార్చునది. నెత్తుటిలో కరగియున్న ఫైబ్రినోజెను అను మాంసకృత్తును త్రాంబిను కొంచెము కత్తిరించును. కత్తిరింపబడినవి ఒకదానినొకటి అంటుకొని పోగులగును. 1905లో జర్మనీ వైద్యుడు మొరావిట్జ్ ఈ క్రమమునంతయు ఒకచోట చేర్చి చెప్పెను. అందు ఫైబ్రిను పుట్టుటతో కథ ముగియును.

ముగియలేదు. 1944లో అమెరికాలో రాబిన్స్ అనునతడు, కొన్ని గడ్డలు పలుచని ఆమ్లములో కరగుటయు, నెత్తుటి ద్రవమును సున్నపు ధాతువును చేర్చినవి కరగకుండుటయు చూచెను. అసలు విషయము హంగేరీలో తేలినది. ఆ దేశమున సెంట్ జ్యోర్జీ అను మహాశాస్త్రజ్ఞుడుండెడివాడు. మన మిరపకు చుట్టమైన పాప్రికా కాయనుండి సి విటమినును రాశిగా తీసినవాడు. ఆయన యనుచరుడు లాకి, లోరాండ్ అను యువకుడు, ఇరువురును యుద్ధానంతరపు లేమిలో ఈ పని పూనిరి. శుద్ధిచేసిన ఫైబ్రినోజెనులో త్రాంబిను కలిపి గడ్డను తయారుచేసి, గాఢమైన యూరియా ద్రావణములో నుంచగా అది కరగిపోయెను. యూరియా యనగా నేడు మనము పొలములలో చల్లునదే. సహజమైన నెత్తుటి ద్రవమునుండి కట్టిన గడ్డ మాత్రము అదే యూరియాలో చెక్కుచెదరలేదు. చూపునకు రెండును ఒక్కతీరే! శుద్ధి చేసినకొలది వస్తువు మేలగునని మన తలంపు. ఇక్కడ శుద్ధిలోనే ఏదో పోయినది. నెత్తుటి ద్రవమును కొంచెము చేర్చిన, గడ్డకు మఱల ఆ బలము వచ్చెను. ఆ ద్రవమును బాగుగ కాచి చేర్చిన రాలేదు. ఈ సంగతిని వారు 1948లో ప్రకటించిరి. కరగించి చూడవలెనను బుద్ధి పుట్టుటయే ఇందలి గొప్ప యని నాకు తోచును. అంతవఱకు అందఱును గడ్డ ఎప్పుడు కట్టునా యని చూచినవారే.

ఐనను ఇది సీసాలోని వింతయా, శరీరమునకు దీనితో పని యున్నదా యను సంశయము మిగిలెను. దానికి సమాధానము 1960లో స్విట్జర్లండునుండి వచ్చినది. డుకెర్ట్ మొదలగు వైద్యులు అచట ఒక బాలుని పరీక్షించిరి. వానికి తఱచు నెత్తురు పోవుచుండెను. గాయములు సరిగా మానకుండెను. గడ్డకట్టు పరీక్షలన్నిటిలోను వాని నెత్తురు నిర్దోషము. ఆ గడ్డను యూరియాలో వేయగా కరగిపోయెను. 1963లో ఆ పదార్థమునకు 13వ కారకమని సంఖ్య నిర్ణయమైనది.

అది చేయు పని 1968 నాటికి స్పష్టపడెను. పాక వేయునపుడు వాసములను పేర్చి, త్రాటితో కట్టు వేయనిచో, గాలి లేనంతసేపు పాక నిలుచును. త్రాంబిను పేర్చిన పోగులట్టివి. ఆ త్రాంబినే 13వ కారకమును మేలుకొలుపును; అది సున్నపు ధాతువు సాయమున ఒక మాంసకృత్తులోని గ్లుటమినును ప్రక్కదానిలోని లైసినుతో ముడివేయును. గడ్డను కరగించు శక్తి శరీరములోనే కలదుగదా. దాని నడ్డగించు మాంసకృత్తు నొకదానిని కూడ ఆ పోగులకే కట్టివేయును. దీనినే నేను సంధానమనుచున్నాను.

ఈ ముడి లేని బిడ్డకు బొడ్డు ఊడిన తరువాత నెత్తురు ఆగక కారును. దెబ్బ తగిలినపుడు మొదట ఆగి, కొన్ని గంటలకో మఱునాటికో మఱల కారును. మెదడులో నెత్తురు చిమ్ముట ఇట్టి యితర వ్యాధులకంటె దీనిలో హెచ్చు. ఇది సుమారు 20 లక్షలమందిలో ఒకరికి వచ్చు అరుదైన వ్యాధి. తల్లిదండ్రులిరువురినుండియు ఆ లోపము సంక్రమించిననే కలుగును. కావున దగ్గఱ బంధువులలో వివాహములు జరుగుచోట్ల ఎక్కువగా కనబడును. ఇరాను దేశమున అట్టి కుటుంబములు పెక్కు కలవు. మేనఱికములు మనకును క్రొత్త కావు గనుక, ఒక యింట బొడ్డునెత్తురుతో శిశువులు పోయిరని వినినపుడు, దానిని గ్రహదోషమని విడువక, పెద్దలు వైద్యునితో ఆ మాట విప్పి చెప్పవలెను. సాధారణ పరీక్షలు బాగున్నవన్నంతమాత్రమున ఊరకుండరాదు; 13వ కారకమును చూచితిరా యని యడుగవలెను. దానిని నేరుగా కొలుచు పరీక్షలు ఇప్పుడు కలవు. యూరియా పరీక్షయు పెక్కుచోట్ల చేయుదురు. లోపము తేలినచో చికిత్స యున్నది. స్వల్పభాగమున్నను గడ్డ నిలుచును. ఎక్కించినదానిలో సగము తఱగుటకు 9 మొదలు 14 దినములు పట్టును. అందుచే నెలకొక పర్యాయము ఎక్కించిన సామాన్యముగా సరిపోవును.