గైడు లేని స్కాలర్
(మన చదువుల చరిత్ర – 7)



పోయిన భాగం చదివిన నాగర్‌కర్నూల్ తమ్ముడొకడు "అన్నా, డార్క్ మ్యాటర్ సినిమా చూడు, అచ్చం మన కథే" అన్నాడు. చూశాను. మన కథలాగే మొదలైంది. సగం నుంచి మన కథ కాకుండా పోయింది.

2007 నాటి సినిమా. దర్శకుడు చెన్ షి-జెంగ్. సన్‌డాన్స్ పండుగలో స్లోన్ బహుమతి కూడా వచ్చింది. లియు షింగ్ అనే చైనా పేద కుర్రాడు విశ్వం పుట్టుక మీద పరిశోధనకు అమెరికా యూనివర్సిటీకి పోతాడు. ప్రొఫెసర్‌కి ముద్దుల శిష్యుడవుతాడు. ప్రొఫెసర్ సిద్ధాంతానికి ఎదురయ్యే ఆలోచన చేయగానే థీసిస్‌కు అడ్డం పడుతుంది. చివరికి తుపాకీ పడతాడు.

దీనికి మూలం 1991 నవంబర్ 1న అయోవా యూనివర్సిటీలో జరిగిన ఘోరం. ఫిజిక్స్ చదివిన చైనా విద్యార్థి ఐదుగురిని చంపి తానూ చనిపోయాడు. కానీ అతనికి అప్పటికే పీహెచ్‌డీ వచ్చింది. కోపమంతా తనకు రాని ఒక బహుమతి గురించి. ఆ బహుమతి అందుకున్న తోటి చైనా విద్యార్థినీ చంపాడు.

సినిమా చేసిన తప్పు ఇక్కడుంది. హంతకుడి పగ తీసుకుని, దానికి థీసిస్ ఆపేశారనే న్యాయమైన ఫిర్యాదు తగిలించింది. చూసినవాళ్లకు ఏం మిగులుతుంది? ఫిర్యాదు చేసే విద్యార్థి ప్రమాదకరం అన్న భయం. గైడును ఎవరు ఇస్తారు, ఫెలోషిప్ ఎవరు ఆపుతారు, ఏ కాగితం మీద ఎవరి సంతకం ఉంటుంది? ఇవి తెర మీద లేవు. ఒక చెడ్డ ప్రొఫెసర్, ఒక చెదిరిన మనసు, అంతే.

ఇప్పుడు మన హైదరాబాద్‌కు రండి. 1974లో పెట్టిన సెంట్రల్ యూనివర్సిటీ. సేలం జిల్లాలో పందులు పెంచుకుని బతికే పన్నియాండి కులం నుంచి వచ్చిన సెంథిల్ కుమార్ అక్కడ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీకి చేరాడు. గైడును ఇవ్వలేదు. ఫెలోషిప్ పోతుందన్న భయం. 2008 ఫిబ్రవరిలో ప్రాణం తీసుకున్నాడు. గైడ్ల కేటాయింపులో, కోర్సు నిబంధనల్లో స్పష్టత లేదని యూనివర్సిటీ వేసిన కమిటీయే చెప్పింది. తమకు వ్యతిరేకంగా నడుస్తోందన్న భావన ఆ విభాగంలోని ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో ఉందనీ రాసింది.

2013 నవంబర్‌లో మాదారి వెంకటేశ్, కెమిస్ట్రీ స్కాలర్. గైడు విషయంలో అన్యాయం జరిగిందని తోటి విద్యార్థులు ఆందోళన చేశారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల. సైన్సు రచయిత కావాలనుకున్నవాడు. నెలల తరబడి ఫెలోషిప్ రాలేదు, తర్వాత హాస్టల్ నుంచి వెలివేశారు.

వీళ్లలో ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. అందుకే వీళ్ల కథ ఆ సినిమాలో పట్టదు.

బాబాసాహెబ్ కూడా అమెరికాలో చదివిన విదేశీ విద్యార్థే. 1913లో కొలంబియా చేరాడు. సెలిగ్‌మన్ లాంటి గురువు దొరికాడు. కానీ బరోడా స్కాలర్‌షిప్ గడువు అయిపోయి 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి రావలసి వచ్చింది. తిరిగి 1920లో పోయాడు. అంత మేధావికి కూడా తెలివి ఒక్కటే సరిపోలేదు. గురువు కావాలి, డబ్బు కావాలి.

ఇక మన పాలమూరు. వనపర్తి సంస్థానం రాజభవనంలో ఇప్పుడు ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తోంది. మన తాతలు లోపలికి అడుగుపెట్టలేని చోట మన పిల్లలు కూర్చుని చదువుతున్నారు. ఇది పోరాడి సాధించిన గెలుపు. 2011 లెక్కల్లో గద్వాల జిల్లా అక్షరాస్యత యాభై శాతం కూడా లేదు. అక్కడి నుంచి ఒక పిల్ల ఎమ్మెస్సీ దాటి పరిశోధనకు పోయిందంటే, వెనక అమ్మానాన్నల వలస కూలి ఎన్నేళ్లదో లెక్కేసుకోండి. కానీ మనం సీటు వచ్చిన చరిత్రే రాసుకుంటున్నాం. సీటు వచ్చాక లోపల ఏం జరిగిందో రాసుకోవడం లేదు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గైడును ఇవ్వకపోతే నోటిమాటతో ఆగకండి. రాసి ఇవ్వండి, తేదీ వేయించుకోండి, నకలు దాచుకోండి. 2012 యూజీసీ నిబంధనలు ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలన్నాయి. ఎవరో అడిగి తెలుసుకోండి. మనసు బరువైతే ఒంటరిగా గదిలో ఉండకండి, మాకు ఫోన్ చేయండి, ఏ రాత్రయినా సరే.

మన సినిమా ఎవరైనా తీస్తే తీయనీ. అందాకా కాగితాలు మన దగ్గర ఉండాలి.

జై భీమ్.