చప్పుడు ఆపే హెడ్‌ఫోన్సూ, చప్పుడు ఆగితే లేచే నాన్నా

మొన్న సంక్రాంతికి ముదినేపల్లి వెళ్ళేముందు ఒక వైర్‌లెస్ నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ కొన్నాను. కొనడానికి ముందు మూడు వారాలు పరిశోధన చేశాను. (మన సాఫ్ట్‌వేర్ జనాభా ఇంతే కదా. కోటి రూపాయల ఫ్లాటు అరగంటలో ఓకే చేస్తాం, పాతికవేల వస్తువుకి మాత్రం ఎక్సెల్ షీటు వేస్తాం.) హైదరాబాద్ నుంచి గుడివాడ దాకా బస్సు ఇంజను హోరు లేకుండా హాయిగా పాటలు వింటూ వచ్చాను. ఆ ఉత్సాహంలో ఇంటికెళ్ళగానే నాన్న చెవులకి తగిలించాను.

మా ఇంటి వెనకే రొయ్యల చెరువులు. పొద్దుగూకితే చాలు, ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతూ తెల్లవార్లూ తిరుగుతూనే ఉంటాయి. కరెంటు పోతే వాటికి తోడు జనరేటరు. "పెట్టుకో నాన్నా, ఈ మోతంతా పోతుంది, హాయిగా పడుకోవచ్చు" అన్నాను.

ఆయన పెట్టుకుని, రెండు నిమిషాలు అటూ ఇటూ చూసి, తీసి నా చేతిలో పెట్టారు. "ఒరేయ్, మోత పోతే నాకు నిద్రెట్టా పడుద్దిరా?" అన్నారు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మన దేశంలో వనామీ రొయ్య సాగుకి 2009లో అనుమతి వచ్చింది. అప్పటిదాకా ఎక్కువగా బొచ్చె, శీలావతి పెంచిన కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళలో చాలామంది దీనికి మళ్ళారు. చెరువులో రొయ్యల్ని ఒత్తుగా వదులుతారు. రాత్రిపూట నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది, తెల్లవారుజామున మరీ అడుక్కి పోతుంది. ఆ టైములో ఏరియేటర్లు ఆగి ఎవరూ చూసుకోకపోతే తెల్లారేసరికి సరుకంతా పోవచ్చు. అందుకని మా నాన్న నిద్ర తిరగేసిన నిద్ర. చప్పుడు ఉన్నంతసేపూ పడుకుంటారు, ఆగితే లేస్తారు.

అసలీ హెడ్‌ఫోన్స్ ఎవరి కోసం పుట్టాయి, మా నాన్నలాంటివాళ్ళు ఆ లెక్కలో ఉన్నారా లేరా అన్న అనుమానం నాకు అప్పుడొచ్చింది. తీగ లాగితే డొంకంతా కదిలింది.

మన ప్రాంతంలో వినడమన్నది మొదట్నుంచీ నలుగురితో కలిసి చేసే పని. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలైంది. ఇంటింటికీ రేడియో లేని ఆ రోజుల్లో పంచాయతీ అరుగు మీద రేడియో చుట్టూ జనం చేరేవాళ్ళని మా తాతయ్య చెప్పేవారు. పెళ్ళైనా, తిరునాళ్ళైనా మైకుసెట్టు ఉండాల్సిందే. మా గుడివాడ పక్కన చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల గొంతు మా ఊళ్ళు విన్నది ఎక్కువగా అలాగే, చెట్టుకి కట్టిన లౌడ్‌స్పీకర్లోంచి. ఎవరికిష్టమున్నా లేకపోయినా ఊరంతా వినాలి. దీనికి రెండో వైపు కూడా ఉందనుకోండి. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లని కట్టడి చేశాయి, 2005 జూలైలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పాల్సొచ్చింది. అంటే, వినకుండా ఉండే హక్కు కూడా ఒకటుందని గుర్తించడానికి మనకి అంతకాలం పట్టింది.

మరి హెడ్‌ఫోన్స్? అవీ పాటల కోసం పుట్టలేదు. 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియేల్ బాల్డ్విన్ అనే ఆయన వంటింట్లో కూర్చుని చేత్తో తయారుచేసి అక్కడి నౌకాదళానికి పంపించాడు. బలహీనమైన వైర్‌లెస్ సంకేతాలు వినడానికి అవి వాళ్ళకి నచ్చాయి. స్టీరియో సంగీతం కోసం హెడ్‌ఫోన్స్ రావడానికి 1958లో జాన్ కాస్ దాకా ఆగాలి. 1979 జూలైలో సోనీ వాక్‌మన్ వచ్చింది. ఇక్కడొక తమాషా ఉంది. మొదటి వాక్‌మన్‌కి రెండు హెడ్‌ఫోన్స్ తగిలించుకునే సాకెట్లుండేవి. పక్కవాళ్ళతో మాట్లాడాలంటే నొక్కడానికి ఒక నారింజరంగు మీట కూడా పెట్టారు. ఒక్కడే చెవులు మూసుకుని వినడం మర్యాద కాదేమోనని తయారుచేసినవాళ్ళకే బెరుకు అన్నమాట! జనానికి ఆ బెరుకేమీ లేదని తేలాక తర్వాత వచ్చిన మోడళ్ళలో అవి రెండూ మాయమయ్యాయి.

ఇహ చప్పుడుని చప్పుడుతో కొట్టే ఆలోచన మనం అనుకునేదానికన్నా పాతది. పాల్ లూయెగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1933లోనే దీనికి పేటెంటు అడిగాడు, 1936లో అమెరికన్ పేటెంటు వచ్చింది. సూత్రం చెరువు గట్టు మీద కూర్చున్న ఎవరికైనా అర్థమవుతుంది. ఒక అల పైకి లేచేచోట సరిగ్గా అంతే లోతున్న ఇంకో అల కిందకి దిగితే నీళ్ళు కదలకుండా ఉంటాయి. మైకుతో బయటి మోతని విని, దాన్ని తలకిందులు చేసి, చెవి దగ్గర వినిపించాలి. కాగితం మీద ఇంతే. కానీ ఆ రోజుల ఎలక్ట్రానిక్స్‌కి అంత వేగమూ లేదు, అంత చిన్న సైజూ లేదు. 1950లలో లారెన్స్ ఫోగెల్ హెలికాప్టర్, విమాన పైలట్ల కోసం ఇలాంటి పరికరాలకి పేటెంట్లు తీసుకున్నాడు. గమనించారా, మళ్ళీ ఇంజను పక్కన కూర్చుని పనిచేసేవాడి కోసమే.

1978లో ఎంఐటీ ప్రొఫెసర్ అమర్ బోస్ జ్యూరిక్ నుంచి బోస్టన్ వెళ్తున్నాడు. (ఆయన నాన్న బెంగాల్ నుంచి అమెరికా వెళ్ళిన స్వాతంత్ర్య పోరాటయోధుడు.) విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే క్యాబిన్ హోరులో పాట సరిగ్గా వినపడలేదు. మనమైతే కస్టమర్ కేర్‌కి మెయిలు కొట్టేవాళ్ళం. ఆయన దిగేలోపు లెక్కలు వేశాడు. ఆ లెక్క వస్తువు కావడానికి పదేళ్ళకి పైగా పట్టింది. 1986 డిసెంబరులో డిక్ రూటన్, జీనా యేగర్ అనే ఇద్దరు వాయేజర్ అనే చిన్న విమానంలో ఎక్కడా ఆగకుండా, మధ్యలో ఇంధనం పోసుకోకుండా తొమ్మిది రోజుల్లో భూమి చుట్టి వచ్చారు. అన్ని రోజుల ఇంజను మోత నుంచి చెవులు కాపాడుకోవడానికి వాడింది బోస్ ప్రయోగ నమూనాలే. 1989లో పైలట్ల కోసం, 2000లో మామూలు ప్రయాణికుల కోసం ఆ కంపెనీ హెడ్‌సెట్లు అమ్మకానికి వచ్చాయి.

వైరు తెగడం వేరే కథ. బ్లూటూత్ కూటమి 1998లో ఏర్పడింది, స్టీరియో పాట గాల్లో పంపే పద్ధతి 2003లో వచ్చింది. 2016లో ఈ రెండు దారులూ బాగా కలిశాయి. బోస్ క్యూసీ35, సోనీ ఎండీఆర్-1000ఎక్స్ ఆ ఏడాదివే, ఐఫోన్ నుంచి హెడ్‌ఫోన్ సాకెట్ పీకేసిందీ ఆ ఏడాదే. 2019లో ఎయిర్‌పాడ్స్ ప్రో వచ్చాక చెవిలో దూరే బుల్లి వస్తువుల్లోనూ ఈ విద్య బాగా వాడుకలోకి వచ్చింది.

ఇంత చరిత్ర ఎందుకంటే, ఏది కొనాలో తేల్చేది ఇదే కాబట్టి. మన భాషలో చప్పుళ్ళకి ఎన్ని పేర్లున్నాయో చూడండి: హోరు, మోత, రొద, గోల, అలికిడి. ఈ హెడ్‌ఫోన్స్ హోరుని ఆపుతాయి. గోలని అంతగా ఆపవు. కారణం లెక్కలోనే ఉంది. 100 హెర్ట్జ్ ఇంజను హోరులో ఒక అల పూర్తవడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. మన చిప్పు 0.1 మిల్లీసెకను ఆలస్యం చేసినా అది అలలో నూరోవంతే, ఫరవాలేదు. అదే 2500 హెర్ట్జ్ శబ్దంలో ఒక అలకి పట్టేది 0.4 మిల్లీసెకన్లు. అక్కడ అంతే ఆలస్యం పావు అల తప్పినట్టు. చప్పుడు తగ్గకపోగా పెరుగుతుంది. అందుకే పై స్థాయి శబ్దాల్ని ఆపే పని చిప్పుది కాదు, చెవిని మూసే మెత్తదే.

కాబట్టి ముందు మీ చప్పుడేదో తెలుసుకోండి. బస్సు, రైలు, విమానం, ఏసీ హోరు అయితే ఈ ఖర్చు న్యాయమే. పక్క క్యూబికల్లో ఫోను మాట్లాడే ఆసామీ గురించైతే, చెవికి బాగా అతుక్కునేది చూసుకోండి, అయినా ఆయన పూర్తిగా పోడు. కళ్ళజోడుంటే కాడల పక్కనుంచి చప్పుడు దూరుతుంది, పెట్టుకుని చూడకుండా కొనకండి. మన కోస్తా ఉక్కలో చెవిని కప్పేవి గంటలో చెమట పట్టిస్తాయి, అక్కడ చెవిలో పెట్టుకునేవే నయం. ఫోనూ లాప్‌టాపూ రెండింటికీ ఒకేసారి కలిసేది, విమానంలో తెరకి వైరుతో తగిలించుకోగలిగేది, మెత్తలు పాడైతే మార్చుకోగలిగేది అయితే నాలుగేళ్ళు మన్నుతుంది. మరొకటి, మీరు వినే హోరు తగ్గడం వేరు, మీటింగులో అవతలివాళ్ళకి మీ ఇంటి కుక్కరు కూత వినపడకపోవడం వేరు. రెండోదానికి మైకు బాగుండాలి. రోడ్డు దాటేటప్పుడు మాత్రం తీసేయండి.

దీని అసలు లాభం పాట బాగా వినపడటం కాదు, చిన్న సౌండులో వినగలగడం. 85 డెసిబెళ్ళ శబ్దంలో రోజుకి ఎనిమిది గంటలు హద్దని నిపుణుల లెక్క. ప్రతి 3 డెసిబెళ్ళకీ ఆ గడువు సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు. బస్సు హోరుని మించి వినాలని సౌండు పెంచేవాడికి ఈ లెక్క చాలా త్వరగా దాటిపోతుంది.

మళ్ళీ నాన్న దగ్గరికొస్తాను. ఆయనకి వయసులో ఉన్నప్పుడు నీళ్ళు తోడే ఆయిలింజన్లు, ఇప్పుడు జనరేటరు. మొత్తం ముప్పై ఏళ్ళు. ఈమధ్య ఫోన్లో "వినపడుతోందిరా, అర్థం కావట్లా" అంటుంటే సిగ్నల్ సమస్య అనుకున్నాను. చెవి పరీక్ష చేయిస్తే గ్రాఫు గీత తిన్నగా వచ్చి 4000 హెర్ట్జ్ దగ్గర గోతిలో పడింది. మోత వల్ల పాడయ్యే చెవి మొదట దెబ్బతినేది దాదాపు అక్కడే అన్నారు డాక్టరు. స, ష లాంటి అక్షరాలు ఉండేది ఆ పైభాగంలోనే. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవడమే.

అప్పుడు అమ్మ చెప్పింది. పోయిన వర్షాకాలంలో ఒకరాత్రి కరెంటు పోయి, జనరేటరు అందుకోలేదట. షెడ్డులో అలారం కీచుమంటూనే ఉందట. ఆయనకి అది వినపడనేలేదు. ఆ కీచు ఆయన చెవిలో పోయిన భాగంలోది. ఏరియేటర్ల హోరు మాత్రం కింది భాగంలోది కాబట్టి, అది ఆగేసరికి దిగ్గున లేచి పరిగెత్తారు. ఆ పంట దక్కింది. అంటే నేను తెలివిగా ఆపేద్దామనుకున్న హోరు ఒక్కటే ఆయనకి మిగిలిన అలారం.

ఈసారి వెళ్ళినప్పుడు రెండు పనులు చేశాను. అలారానికి కీచు తీయించి బొంగురు హారను పెట్టించాను, దాంతోపాటు వెలిగే లైటూ ఒకటి. జనరేటరు దగ్గర పనిచేసేటప్పుడు పెట్టుకోమని బ్యాటరీ, బ్లూటూత్ ఏమీ లేని మామూలు ఇయర్ మఫ్‌లు రెండు కొన్నాను, ఒకటి నాన్నకి, ఒకటి ఆయన దగ్గర పనిచేసే కుర్రాడికి. రెండూ కలిపినా నా హెడ్‌ఫోన్స్ కవరు ఖరీదు కాలేదు. కుర్రాడు మొదటిరోజే పెట్టుకున్నాడు. నాన్న మాత్రం వారం రోజులు మేకుకి తగిలించి ఉంచారు. నిన్న అమ్మ ఫోన్లో చెప్పింది, ఇప్పుడు ఆయన కూడా పెట్టుకుంటున్నారట. పడుకునేటప్పుడు మాత్రం తీసేసి, ఏరియేటర్లు వినపడే కిటికీ తెరిచి పెట్టుకుంటున్నారట.