ఓడ మీది మాటలు – కచేరీలోని మాటలు

ప్రతి కచేరీ మోటారుకారునకును ఒక లాగ్ బుక్ ఉండును. కంప్యూటరు ముందు కూర్చుండు ప్రతి ఉద్యోగియు ఉదయమున మొట్టమొదట చేయు పని లాగిన్. ఈ రెండు మాటలలోను దాగియున్నది ఒక కొయ్యముక్క. తెరచాపల కాలమున ఓడ వేగము తెలిసికొనుటకై నావికులు పొడవాటి త్రాటికి కొయ్యముక్కను కట్టి వెనుకవైపున నీటిలోనికి విడిచెడివారు. ఇసుక గడియారము ఖాళీయగు లోపల త్రాటిమీది ముడులెన్ని చేతినుండి జారినవో లెక్కించెడివారు. కొయ్యముక్కకు ఆంగ్లమున లాగ్ అనియు, ముడికి నాట్ అనియు పేరు. ఓడ వేగమును నేటికిని నాట్లలోనే చెప్పుదురు. ఆ లెక్కను వ్రాసిన పుస్తకము లాగ్ బుక్ అయినది. అదియే గట్టెక్కి మోటారుకారు లోనికిని, పిమ్మట కంప్యూటరు లోనికిని వచ్చినది.

మనము ఫైళ్లలో వ్రాయు ఆంగ్లమున ఇట్టి ఓడ మాటలు పెక్కు గలవు. ఇబ్బందిని టైడ్ ఓవర్ చేయవలెనని వ్రాయుదుము. గాలి లేనప్పుడు లంగరు వేసికొని నిలిచి, అనుకూలమైన పోటు రాగానే దానితో సాగిపోవుట ఆ మాటకు మొదటి అర్థము. ఉద్యోగికి కొంత లీవే ఈయవలెనందుము. గాలి త్రోపుడునకు ఓడ తన దారినుండి ప్రక్కకు జరుగు దూరము లీవే. ఆ జరుగుబాటునకు చోటు విడుచుటనుండి సడలింపు అను అర్థము వచ్చినది. పని ఫస్ట్ రేట్‌గా నున్నదని మెచ్చుకొందుము. ఆంగ్ల నౌకాదళమున 100 గాని, అంతకు మించి గాని ఫిరంగులు గల యుద్ధనౌకకు అది శ్రేణి పేరు.

ఇట్టి మాటలను తెనుగు చేయునప్పుడు పదమునకు పదము పెట్టినచో అర్థము మునిగిపోవును. టైడ్ ఓవర్‌ను ‘పోటుమీద పోవుట’ అన్నచో ఎవరికిని తెలియదు. ‘గట్టెక్కుట’ అన్నచో అందరికిని తెలియును. అదియును నీటి మాటయే. లీవే సంగతి మరింత చిత్రము. గాలి త్రోసిన వైపునకు పోవుటను మన వారు గాలివాటు అందురు. దృశ్యము ఒక్కటియే గాని, ఆంగ్లమున అది సడలింపు, తెలుగున అది నిలుకడలేమి. ఉద్యోగికి లీవే ఈయవలెనను వాక్యమును గాలివాటునకు విడువవలెనని తెనిగించినచో దయ కాస్తా నిందయగును. జాతీయమునకు దృశ్యము సగము. ఆ దృశ్యమును చూచిన జనుల అనుభవము తక్కిన సగము.

మన అనుభవమును తక్కువది కాదు. జీవితమున ఆటుపోటులు అనునప్పుడు సముద్రమునే తలచుచున్నాము. ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అను సామెతయు, ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, దాటిన పిదప బోడి మల్లయ్య అను సామెతయు పల్లెలలో అందరును ఎరిగినవే. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. గాలివానకు కొట్టుకొని వచ్చి ఒడ్డునబడిన ఓడల సరకును పూర్వపు రాజులు అపహరించుచుండగా, తాను న్యాయమైన సుంకము మాత్రమే గైకొందునని అందు వర్తకులకు అభయమిచ్చెను. ఆ పిమ్మట శ్రీనాథుడు హరవిలాసమును అవచి తిప్పయసెట్టి అను వర్తకునకు అంకితమిచ్చుచు, దూరదేశపు సరకులతోబాటు జోంగు అను ఓడను గూడ పేర్కొనెను. ఆంగ్లేయులు జంక్ అని పిలుచు తూర్పు సముద్రపు ఓడయే అది. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నమున అడుగిడుటకు దాదాపు రెండు వందల ఏండ్లకు ముందే ఆ మాట తెలుగు కావ్యమునకెక్కినది.

ఓడ మాట ఏ భాషనుండి వచ్చెనో చూచినచో ఆ విద్య ఎవరి సాంగత్యమున పెరిగెనో తెలియును. రష్యా చక్రవర్తి పీటరు 1697లో హాలెండునకు పోయి ఓడల నిర్మాణము స్వయముగా నేర్చుకొనెను. నావికునకు రష్యనులు నేటికిని వాడు ‘మత్రోస్’ డచ్చివారి మాటయే. మన తీరమున బందరు, లంగరు, సరంగు అనునవి పారసీకము నుండి వచ్చినవి. సరంగు అనగా ఆ భాషలో నాయకుడు. లస్కరునకు మూలమైన మాటకు సైన్యమని అర్థము. అది పోర్చుగీసువారి నోట నావికుడై, మన డెల్టాలలో కాలువగట్లను, లాకులను కాచు ఉద్యోగి పేరైనది. పడవ మీది పెద్దను ఉత్తరాంధ్ర మత్స్యకారులు తండేలు అందురు. 2018లో గుజరాత్ తీరమున వేటకు పోయి పాకిస్తాను వారి చేత చిక్కిన శ్రీకాకుళం జాలరుల కథ 2025లో ఆ పేరుతోనే చలనచిత్రమైనది.

ఇచట ఆలోచింపవలసినది ఒకటి గలదు. ఆంగ్లేయ నావికుని మాటయు, మన సరంగు మాటయు ఒకే ఓడపై, ఒకే గాలివానలో తడిసినవి. మొదటిది ఒడ్డునకు వచ్చి పై అధికారి నోటులో అలంకారమైనది. రెండవది చిట్టచివరి వేతనశ్రేణికి పేరైనది. ఓడ పనివానికిని, సర్వే గొలుసు పట్టువానికిని సమముగా చెల్లిన కలాసీ శబ్దము రైల్వేలో చిరకాలము అట్టడుగు కొలువు పేరుగా నుండెను. లస్కరు గతియు అంతే. మాటలలో ఎక్కువ తక్కువలు పుట్టుకతో రాలేదు. మాట్లాడినవారి హోదానుండి వచ్చినవి.

మన కలకత్తాలో హుగ్లీ యొడ్డున, హేస్టింగ్స్ ప్రాంతమున లస్కరుల స్మారకము కలదు. మొదటి ప్రపంచ యుద్ధమున ఓడలపై ప్రాణములు విడిచిన బెంగాలు, అస్సాము ప్రాంతముల 896 మంది నావికులకై 1924లో దానిని ఆవిష్కరించిరి. న్యూ టౌన్ నుండి పిల్లలను వెంటబెట్టుకొని ఒక సెలవుదినమున పోయి చూడదగిన చోటు అది. మన పిల్లలు బడిలో ఆంగ్ల జాతీయములను పట్టికలుగా వల్లించుచున్నారు; వల్లింపనిండు, అవి వారికి అక్కరయే. కాని టైడ్ ఓవర్ అనగా ఏమని అడిగిననాడు, గట్టెక్కుట అని చెప్పి, గట్టు అనగా ఏదో, ఏ యేటి గట్టుననుండి మన పెద్దలు బయలుదేరి వచ్చిరో కూడ చెప్పుదము. గోదావరి లాంచీ నడిపిన సరంగును, కాలువగట్టు కాచిన లస్కరును ఎరిగిన తాతలు, అమ్మమ్మలు మన ఇండ్లలో ఇంకను ఉన్నారు. వారు ఉండగానే ఆ మాటలను అడిగి వ్రాసికొనుట మన సంఘము చేయదగిన పని.