బొచ్చు ఉండలు: ఇంటి పట్టున పెరిగే పొడవు బొచ్చు పిల్లుల్లో నివారణ, సంరక్షణ

పిల్లి తన ఒంటిని నాక్కునేటప్పుడు మింగిన వెంట్రుకలు కడుపులో పెనవేసుకుని, జిగురుతోనూ ఆహారపు తునకలతోనూ కలిసి ముద్దకట్టగా ఏర్పడేది బొచ్చు ఉండ. పెంపకందార్ల వాడుకలో ఇది హెయిర్‌బాల్. వైద్య గ్రంథాల్లో ట్రైకోబెజోర్. దూడల్లో, కుందేళ్లలో, వెంట్రుకలు నమిలే అలవాటున్న మనుషుల్లో కూడా ఇలాంటివి ఏర్పడతాయి. అయితే నోటి గుండా తరచుగా బయటపడటం పిల్లుల్లోనే కనిపిస్తుంది. ఇరుకైన అన్నవాహికలో నొక్కుకుంటూ రావడం వల్ల అది చాలాసార్లు వత్తిలా పొడుగ్గా ఉంటుంది. కొత్తగా పిల్లిని తెచ్చుకున్నవారు దాన్ని మలమని పొరబడటం కద్దు.

పొడవు బొచ్చు

పిల్లికి పొట్టి బొచ్చే సహజం. వెంట్రుక ఎదుగుదలను ఒక దశలో ఆపడం ఎఫ్‌జీఎఫ్5 అనే జన్యువు పని. అది పనిచేయకపోతే వెంట్రుక మరింత కాలం పెరుగుతూ పోతుంది. 2007లో వెలువడిన పరిశోధన ఈ జన్యువులో నాలుగు వేర్వేరు మార్పులను గుర్తించింది. మార్పు చెందిన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా అందితేనే పిల్లకు పొడవు బొచ్చు వస్తుంది. అందుకే పొట్టి బొచ్చు తల్లిదండ్రులకు కూడా ఒక్కోసారి పొడవు బొచ్చు పిల్ల పుడుతుంది.

పెర్షియన్ జాతి పుట్టుక మీద ఏకాభిప్రాయం లేదు. ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాల్లె 1620 ప్రాంతంలో ఖొరాసాన్ నుంచి పొడవు బొచ్చు పిల్లులను తెచ్చాడని ఎక్కువ పుస్తకాలు చెబుతాయి. అంకారా ప్రాంతం నుంచి ఫ్రాన్స్‌కు చేరిన పిల్లులే మూలమని మరో కథనం. 2008లో ప్రచురితమైన జన్యు పోలికల్లో నేటి పెర్షియన్ పిల్లులు పశ్చిమాసియా పిల్లులకన్నా పశ్చిమ యూరప్ పిల్లులకే దగ్గరగా తేలాయి. యాత్రికుల కథనాలను పూర్తిగా కొట్టివేయనక్కర్లేదు గానీ, ఈ జాతి యూరప్ పెంపకందార్ల చేతుల్లో రూపుదిద్దుకున్నదనడమే ఆధారాలకు దగ్గరగా ఉంది. హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు కనిపించే పొడవు బొచ్చు పిల్లుల్లో పెర్షియన్లూ వాటి సంకరాలే ఎక్కువ. అమ్మకందార్లు చెప్పే డాల్ ఫేస్, పంచ్ ఫేస్, ట్రిపుల్ కోట్ అన్నవి వేర్వేరు జాతులు కావు. ముఖాకృతిని, బొచ్చు దట్టాన్ని బట్టి చేసుకున్న విభజన మాత్రమే.

ఏర్పడే తీరు

పిల్లి నాలుక మీద గొంతు వైపు వంగిన కెరటిన్ ముళ్లుంటాయి. జార్జియా టెక్ పరిశోధకులు అలెక్సిస్ నోయెల్, డేవిడ్ హు 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఈ ముళ్ల కొసలు బోలుగా ఉండి, లాలాజలాన్ని పీల్చుకుని బొచ్చు మొదళ్లదాకా చేరుస్తాయి. ఇంటి పిల్లి మొదలుకొని సింహం, పులి దాకా వారు పరిశీలించిన పిల్లి జాతులన్నిటిలో ఈ ఏర్పాటు ఉంది. తేడా కనిపించింది పొడవు బొచ్చు పెర్షియన్లలో. వాటి బొచ్చు ఎంత అణిగినా ముళ్లు చర్మాన్ని అందుకోలేవు. అంటే పెర్షియన్ పిల్లి ఎంత నాక్కున్నా తన ఒళ్లు తాను పూర్తిగా శుభ్రం చేసుకోలేదు. ఆ పని మనిషి చేయి చేయవలసిందే. ఈ వ్యాసంలో దువ్వడానికి పెద్దపీట వేయడానికి కారణం ఇదే.

ముళ్లు వెనక్కి వంగి ఉండటంతో నాలుకకు చిక్కిన వెంట్రుకను ఉమ్మడం పిల్లికి కష్టం, మింగేస్తుంది. వెంట్రుకలోని కెరటిన్ జీర్ణం కాదు. అయినా మింగిన దానిలో అధికభాగం ఎవరి కంటా పడకుండా మలంతోనే పోతుంది. కడుపులో మిగిలిపోయినదే ఉండ కడుతుంది. దీనికి పిల్లి దేహనిర్మాణం కూడా కొంత కారణం. కుక్కలో, మనిషిలో ఖాళీ కడుపును అరగని పదార్థాల నుంచి ఊడ్చివేసే ఆవర్తన సంకోచాల క్రమం ఉంటుంది. పిల్లిలో ఆ క్రమం ఆ రూపంలో లేదు.

పిల్లి ఎంతసేపు నాక్కుంటుందన్న దానిపై లెక్కలు పొంతన కుదరవు. మెలకువలో సగం కాలమని జనరంజక పుస్తకాలు రాస్తాయి. నోయెల్, హుల వ్యాసం దాన్ని దాదాపు పావు వంతు అంటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో ఎక్‌స్టీన్, హార్ట్ 2000లో గమనించి లెక్కగట్టినది ఇంకా తక్కువ: నిద్ర, విశ్రాంతి పోగా మిగిలిన సమయంలో సుమారు 8 శాతం. నేరుగా గమనించి కట్టిన లెక్క కాబట్టి దానికే ఎక్కువ విలువ ఇవ్వవచ్చు. వారిదే మరో అధ్యయనంలో, ఫ్లీ పురుగులున్న చోట ఉంచిన పిల్లులు దాదాపు రెట్టింపుగా నాక్కున్నాయి. బొచ్చు ఉండల నివారణ పురుగుల నివారణతో మొదలు కావలసిన సందర్భాలు తక్కువేమీ కావు. కుక్కల కోసం అమ్మే పర్మెత్రిన్ మందులను మాత్రం పిల్లికి ఎన్నడూ వాడకూడదు. అవి ప్రాణం తీస్తాయి.

ఆరుబయట తిరిగే పిల్లికి పగటి వెలుగు నిడివిని బట్టి ఋతువు మారినప్పుడు బొచ్చు ఎక్కువగా రాలుతుంది. రాత్రీ పగలూ విద్యుద్దీపాల మధ్య, ఒకే తీరు వేడిలో ఉండే ఇంటి పిల్లికి ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా రాలుతూనే ఉంటుంది. తోచక, బెంగతో అదేపనిగా నాక్కోవడం కూడా ఇంటి పట్టున ఉండే పిల్లుల్లోనే ఎక్కువ అంటారు.

ఎంతవరకు మామూలు

దీనిపై పశువైద్యుల్లో రెండు ధోరణులున్నాయి. వారానికో రెండు వారాలకో ఒక ఉండ కక్కడం పిల్లికి సహజమేనన్నది పాత మాట. ఆక్స్‌ఫర్డ్‌లో పిల్లుల వైద్యశాల నడిపిన మార్తా కానన్ 2013లో రాసిన సమీక్ష దీన్ని ప్రశ్నించింది. ఆమె వివరణలో కారణాలు రెండు పాయలు. ఒకటి, దురద, నొప్పి, ఆందోళన వంటి వాటివల్ల వెంట్రుకలు ఎక్కువగా మింగడం. రెండోది, జీర్ణనాళపు కదలిక మందగించి, మింగిన వెంట్రుకలు ముందుకు సాగకపోవడం. పొడవు బొచ్చు పిల్లుల్లో ఈ ఉండలు దాదాపు రెండింతలు ఎక్కువన్నది నిజమే. కానీ బొచ్చు పొడవుగా ఉందన్నంత మాత్రాన వెతకడం ఆపేయకూడదు.

ఈ రెండో ధోరణికి బలమిచ్చేది అదే ఏడాది టెక్సస్‌లో గ్యారీ నార్స్‌వర్తీ బృందం ప్రచురించిన పరిశీలన. చిన్నపేగు వ్యాధి లక్షణాలతో, ముఖ్యంగా దీర్ఘకాలిక వాంతులతో, బరువు తగ్గడంతో వచ్చిన 100 పిల్లుల పేగు నుంచి ముక్క తీసి పరీక్షించగా 99 పిల్లుల్లో వ్యాధి బయటపడింది. వాటిలో 49 దీర్ఘకాలిక పేగువాపు, 46 లింఫోమా. ఇవి అప్పటికే జబ్బు లక్షణాలున్నవి కాబట్టి ఈ నిష్పత్తిని అన్ని పిల్లులకూ అన్వయించలేం. అయినా వాంతిలో వెంట్రుకలు కనిపించగానే బొచ్చు ఉండేనని సరిపెట్టుకోవడం ఎంత ప్రమాదమో ఇది చూపుతుంది. చిన్నప్పుడు లేని వాంతులు నడివయసులో మొదలైతే, ఉండలు రావడం ఉన్నట్టుండి పెరిగితే, బరువు తగ్గుతుంటే పరీక్ష చేయించాలి.

ఇంకో పొరపాటు దగ్గుకు సంబంధించినది. నేలకు వంగి, మెడ చాచి పిల్లి ఖంగుఖంగుమంటుంటే చాలామంది బొచ్చు ఉండ రాబోతోందనుకుంటారు. పదే పదే అలా చేసి ఏమీ కక్కకపోతే అది ఉబ్బసం కావచ్చు. ఓకరింతలో పొట్ట బలంగా లోపలికి లాగినట్టు కదులుతుంది. ఫోన్‌లో వీడియో తీసి వైద్యుడికి చూపడం మాటలతో వివరించడంకన్నా మేలు.

దువ్వడం

నివారణలో మొదటి స్థానం దీనిదే. రాలిన వెంట్రుక నాలుకకు చిక్కేలోపు దువ్వెనకు చిక్కాలి. పొడవు బొచ్చు పిల్లిని రోజూ దువ్వాలి. పైపైన బ్రష్ తిప్పితే పైబొచ్చు నిగనిగలాడుతుంది గానీ, ఎక్కువగా రాలే మెత్తటి లోబొచ్చు అక్కడే ఉండిపోతుంది. ఎడంగా పళ్లున్న లోహపు దువ్వెనతో, బొచ్చును పాయలుగా విడదీస్తూ, చర్మం కనిపించేలా దువ్వాలి. తర్వాత సన్నపళ్ల దువ్వెన తిప్పాలి. పేల దువ్వెన ముఖం చుట్టూ పనికొస్తుంది, పురుగులుంటే పట్టిస్తుంది. చివర తడి గుడ్డతోనో చేత్తోనో ఒకసారి తుడిస్తే విడివడిన వెంట్రుకలు వచ్చేస్తాయి.

చంకలు, పొట్ట, చెవుల వెనక, తొడల వెనక బొచ్చు ముందుగా చిక్కుపడుతుంది. పిల్లి తాకనివ్వని చోట్లు కూడా ఇవే. కూనగా ఉన్నప్పటి నుంచే కొద్ది నిమిషాలపాటు, ఇష్టమైన తిండి ఇస్తూ అలవాటు చేయాలి. విసుక్కుంటే ఆపేసి, మిగతాది సాయంత్రం చూసుకోవచ్చు. అట్టకట్టిన చిక్కును కత్తెరతో కత్తిరించడం చాలా ప్రమాదం. పిల్లి చర్మం పలచన. చిక్కుతో పాటు పైకి లేచి కత్తెరలో పడుతుంది. ఆ పని క్లిప్పర్ వాడటం తెలిసినవారికే వదిలేయాలి. చిక్కు తీయకుండా స్నానం చేయిస్తే అది మరింత బిగుస్తుంది. లయన్ కట్ పేరుతో ఒళ్లంతా బొచ్చు తీయించడం దువ్వనివ్వని పిల్లులకు, కీళ్లనొప్పులతో ఒళ్లు వంగని ముసలి పిల్లులకు ఉపశమనమే. అందానికో వేసవి ఎండకో ఏటా చేయించవలసిన పని మాత్రం కాదు.

ఆహారం, పీచు

పీచు వెంట్రుకలను మలంతో ముందుకు నెడుతుందన్న నమ్మకంతో హెయిర్‌బాల్ కంట్రోల్ ఆహారాలు తయారవుతున్నాయి. 2015లో ఒక ఆహార కంపెనీ పరిశోధకులే చేసిన ప్రయోగంలో ఇసబ్గోల్, సెల్యులోజ్ కలిపిన మేత తిన్న పొడవు బొచ్చు పిల్లుల మలంలో వెంట్రుకలు గణనీయంగా పెరిగాయి. పొట్టి బొచ్చు పిల్లుల్లో ఆ తేడా లేదు. బ్రెజిల్‌లో జరిగిన పరిశోధనలో చెరకు పీచు ఫలితమిచ్చింది, బీట్ పిప్పి ఇవ్వలేదు. కాబట్టి అన్ని పీచులూ ఒకటి కావు. మలంలో వెంట్రుకలు పెరిగితే వాంతులు ఆ మేరకు తగ్గుతాయా అన్నది వేరే ప్రశ్న, దానికి ఆధారాలు పలచన. కిరాణా కొట్లో దొరికే ఇసబ్గోల్ పొట్టును పొడిగా పెట్టకూడదు. తడి ఆహారంలో కలిపి, వైద్యుడు చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి.

కుండీలో పెంచిన గరిక, గోధుమ మొలకలు కొరకడం పిల్లులకు ఇష్టం. అది బొచ్చు కక్కడానికేనన్న నమ్మకం పాతది. డేవిస్ పరిశోధకులు 2021లో ప్రచురించిన సర్వేలో పొడవు, పొట్టి బొచ్చు పిల్లుల మధ్య పోలిక ఈ నమ్మకానికి మద్దతివ్వలేదు. గడ్డి పెడితే హాని లేదు. లిల్లీ జాతి మొక్కలు మాత్రం ఇంట్లో ఉండకూడదు, వాటి పుప్పొడి కూడా పిల్లి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

పేస్టులు, నూనెలు

మాల్ట్ పేస్టులు, పెట్రోలియం జెల్లీ ఆధారిత జెల్‌లు వెంట్రుకలు జారిపోయేలా చేస్తాయని వాడతారు. నియంత్రిత ప్రయోగాలు తక్కువ. అనుభవం మీద నడుస్తున్న చికిత్స ఇది. మోతాదు మించితే కొవ్వులో కరిగే విటమిన్లు ఒంటబట్టవు. నెయ్యి, వెన్న, కొబ్బరినూనె అరిగిపోయే పదార్థాలు కాబట్టి పేగుల్లో జారుడు కలిగించవు. లిక్విడ్ పారఫిన్‌ను, ఆముదాన్ని బలవంతంగా గొంతులో పోయడం అన్నిటికన్నా చెడ్డ పని. అది ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే న్యుమోనియా బొచ్చు ఉండకన్నా ఎన్నో రెట్లు ప్రమాదకరం.

పేగు అడ్డుపడటం

ఇది అరుదు. సిడ్నీలో వెనెస్సా బార్స్, సహ రచయితలు 1999లో ప్రచురించిన ఐదు పిల్లుల వివరాలు ఇప్పటికీ ఉపయోగకరం. వాటిలో నాలుగు పొడవు బొచ్చువి. ఐదింటికీ పొట్టలో గడ్డ చేతికి తగిలింది, చిన్నపేగులో బొచ్చు ఉండ ఇరుక్కుని ఉంది. పొడవు బొచ్చుతో పాటు ఫ్లీ అలర్జీ, పేగువాపు, అరగని మొక్కల నార కూడా దోహదం చేశాయని వారు గుర్తించారు. ఐదింటిలో మూడు పదేళ్లు, ఆపైబడినవి. ఆ గడ్డను కేన్సర్ అని అనుమానించి, ఎలాగూ బతకదన్న భావంతో రెండింటి విషయంలో పరీక్షలు ఆలస్యమయ్యాయి లేదా వద్దనుకున్నారు. శస్త్రచికిత్సతో తీసివేయగల అడ్డంకి ఇది. ముసలి పిల్లి పొట్టలో గడ్డ తగిలినప్పుడు ఈ అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఏమీ రాకుండా ఆగని ఓకరింతలు, నీళ్లు కూడా నిలవని వాంతులు, మలం ఆగిపోవడం, పొట్ట తాకితే నొప్పి, మూలన ముడుచుకుని ఉండటం అడ్డంకికి సూచనలు. దారం, సూది మింగినా ఇవే లక్షణాలుంటాయి. నాలుక కిందో మలద్వారం దగ్గరో దారం కనిపిస్తే లాగకూడదు, పేగు తెగుతుంది. పిల్లి ఒక రోజుకు మించి ఏమీ తినకపోతే, ముఖ్యంగా లావుపాటి పిల్లులకు, కాలేయానికి కొవ్వు పట్టే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు పేస్టు నాకించి మర్నాటిదాకా వేచి చూడకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.